గొడుగులో వ్యోమగామి: క్లియర్ రెసిన్ జెల్లీఫిష్ ఏలియన్ కిట్, చెన్నై ఉక్కలో దాని రంగుల సంగతి

మనమే బిగించి రంగులు వేసుకునే చిన్న బొమ్మ ఇది: గాలిలో తేలుతున్న జెల్లీఫిష్ ఏలియన్. గొడుగు, అంటే జెల్లీఫిష్ గుండ్రటి పై భాగం, వెడల్పు 36 మి.మీ., గోడ మందం మిల్లీమీటరున్నర, మొత్తం క్లియర్ రెసిన్ (పారదర్శకమైన ప్లాస్టిక్). గొడుగులో అవయవాల ముద్ద ఒకటి, ఆ ముద్దలో వీపు కూరుకుపోయిన ఒక వ్యోమగామి. మోకాళ్ళు ముడుచుకుని, ఒక చెయ్యి గొడుగు గోడకు ఆనించి ఉంటాడు. హెల్మెట్ అద్దం మీద పగులు కూడా చెక్కారు. కింద లావుపాటి చేతులు నాలుగు, అంచు చుట్టూ సన్నటి టెంటకిల్స్ ఎనిమిది, అన్నిటికీ అడుగున ఒక రాయి. నెత్తి నుంచి బేస్ (బొమ్మ నిలబడే బిళ్ళ) దాకా 65 మి.మీ. ఎత్తు. చిన్న బొమ్మలతో బల్ల మీద ఆడే 28-32 మి.మీ. స్కేలు గేముల్లో (మనిషి బొమ్మ సుమారు అంత ఎత్తు) ఇది పెద్ద జంతువు కిందే లెక్క, 40 మి.మీ. గుండ్రటి బేస్ సరిపోతుంది.

చెన్నైలో ఆర్డరు మీద 3డీ ప్రింట్ చేసి ఇచ్చే ఒక చిన్న షాపు దీన్ని 14 ముక్కల కిట్‌గా 1,650 రూపాయలకు అమ్ముతోంది. గొడుగు, ఎనిమిది టెంటకిల్స్, నిలబెట్టే కడ్డీ క్లియర్ రెసిన్‌లో వస్తాయి. వ్యోమగామి, అవయవాల ముద్ద, చేతుల గుత్తి, రాయి మామూలు గ్రే రెసిన్‌లో వస్తాయి. బేస్ మనమే కొనుక్కోవాలి. మూడు కాపీలు తీసుకుని మూడింటి గొడుగులకూ మూడు రకాల రంగులు వేసి చూశాక రాస్తున్న సమీక్ష ఇది. శిల్పం చాలా గొప్పగా ఉంది, ప్రింట్ బాగానే ఉంది, కడిగి ఆరబెట్టి ఇవ్వడంలో మాత్రం శ్రద్ధ చాలలేదు. ఇక రంగు సంగతి. ప్రైమర్ (రంగు పట్టేందుకు వేసే తొలి పొర), బేస్ కోటు, వాష్ (గాడుల్లోకి దిగే పల్చటి ముదురు రంగు), హైలైట్ (ఎత్తైన చోట్ల లేత రంగు), పైన మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ అని అలవాటైన వరసలో వెళ్తే ఈ బొమ్మ చచ్చిపోతుంది. గొడుగులోంచి లోపలి మనిషి కనిపించడమే దీని ప్రాణం. కాబట్టి ప్రతి పనీ ఆ కనిపించడాన్ని కాపాడేలా ఉండాలి. చెన్నై గాలిలోని తేమ సరిగ్గా దాన్నే దెబ్బ తీస్తుంది.

శిల్పం చేసినవాళ్ళు నిజం జెల్లీఫిష్‌ని దగ్గరగా చూసినట్టున్నారు. మూన్ జెల్లీ అనే రకంలో గొడుగు పైనుంచి చూస్తే గుర్రపు నాడాల ఆకారంలో నాలుగు వలయాలు కనిపిస్తాయి. అవి దాని బీజకోశాలు. ఈ బొమ్మలోనూ అవయవాల ముద్ద మీద ఆ నాలుగు నాడాలూ ఉన్నాయి, వాటి మధ్యలోంచి వ్యోమగామి తల బయటికి వస్తుంది. ముద్ద మీద ముడతలు లోతుగా ఉండటంతో పల్చటి రంగు పోస్తే దానంతటదే గాడుల్లోకి దిగుతుంది. గొడుగు మీద మాత్రం ఒక్క గీత కూడా లేదు, నున్నటి గోళం. ఒకే బొమ్మలో ఈ రెండు తరహాల ఉపరితలాలు ఉండటం వల్లే రంగుల ఎంపిక చిక్కుగా మారింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

పెట్టె విప్పగానే ముక్కల్ని వేలితో తాకి చూడండి. జిగటగా అంటుకుంటే రెసిన్ సరిగ్గా కడగలేదన్నమాట. మూడు కాపీల్లో రెండింటి గొడుగులు లోపలి వైపు ఇలాగే ఉన్నాయి. గట్టిపడని రెసిన్ చర్మానికి పడదు కాబట్టి నైట్రైల్ గ్లవ్స్ వేసుకున్నాకే చెయ్యి పెట్టండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రిచీ స్ట్రీట్‌లో సర్క్యూట్ బోర్డులు తుడిచే సామాన్లు అమ్మే కొట్లలో దొరుకుతుంది. రెండు గిన్నెల్లో పోసి, మొదటి దాంట్లో మెత్తటి బ్రష్‌తో రెండు నిమిషాలు, రెండో దాంట్లో ఒక నిమిషం కడిగితే చాలు. మంటకు దూరంగా, కిటికీ తెరిచి చేసే పని ఇది. శుభ్రం అవుతుంది కదా అని క్లియర్ ముక్కల్ని అరగంట నానబెట్టకండి, రెసిన్ ఆల్కహాల్ పీల్చుకుని తెల్లగా మసకబారుతుంది. పూర్తిగా ఆరాకే యూవీ దీపం కింద పెట్టాలి. నెయిల్ ఆర్ట్‌కి వాడే చిన్న దీపం సరిపోతుంది, టీ నగర్ ఫ్యాన్సీ కొట్లలో ఉంటుంది. ఒక్కో వైపు రెండు మూడు నిమిషాలు చాలు. క్లియర్ రెసిన్‌కి యూవీ ఎక్కువైతే పసుపు తిరుగుతుంది. మేడ మీద మధ్యాహ్నం ఎండలో ఆరబెట్టే ఆలోచన అసలు వద్దు.

రాయిని తిప్పి అడుగున చూడండి. అది లోపల డొల్ల. 2 మి.మీ. రంధ్రం ఉంటే అందులోంచి ఆల్కహాల్ ఎక్కించి ఊపి పారబోయండి. లేకపోతే మీరే ఒకటి తొలవండి. లోపల గట్టిపడని రెసిన్ చిక్కుకుపోతే కొన్ని వారాల తర్వాత, రంగంతా వేసి ముగించాక, రాయి చీలి జిగురు కారుతుంది. అందుకే ఈ పని మొదట్లోనే పూర్తి చేయాలి.

గొడుగు మీద రెండు లోపాలున్నాయి. సపోర్టులు (ప్రింట్ అయ్యేటప్పుడు ముక్కని మోసే సన్న పుల్లలు) తెగిన చోట అంచు చుట్టూ చుక్కలు మిగిలాయి. నెత్తి దగ్గర పొరల గీతలు మ్యాపులో కొండని చూపించే వలయాల్లా కనిపిస్తున్నాయి. వాలు తగ్గే కొద్దీ ప్రింటర్ వేసే పొరలు మెట్లలా బయటపడతాయి, గోళం నెత్తి మీద అది తప్పదు. 0.05 మి.మీ. పొరలతో ప్రింట్ చేశారు కాబట్టి ఇంకాస్త ఎక్కువగా తెలుస్తోంది. నీటి సాండ్‌పేపర్‌తో సరిచేయవచ్చు. 400, 800, 1200, 2000 నంబర్లు వరసగా, ఎప్పుడూ తడిపే రుద్దాలి, పొడిగా రుద్దితే రెసిన్ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముందు నంబరు వేసిన గీతలు పూర్తిగా పోయేదాకా తర్వాతి నంబరుకి వెళ్ళకూడదు. తొందరపడి 400 నుంచి 1200కి దూకితే పై మెరుపు వచ్చాక లోతు గీతలు వెంట్రుకల్లా బయటపడతాయి, అప్పుడు మళ్ళీ మొదటికి రావాలి. మొత్తం గొడుగుకి ముప్పావు గంట పడుతుంది.

2000 నంబరు అయ్యాక గొడుగు చూస్తే గుండె జారుతుంది. ఒలిచిన తాటిముంజెలా మసగ్గా, తెల్లగా ఉంటుంది. కంగారు పడక్కర్లేదు. ఆ మసక ఉపరితలం మీది సన్నటి గరుకుదనమే, రెసిన్ లోపల ఏమీ లేదు. ఒక చుక్క నీళ్ళు వేసి చూడండి, తడిసిన చోట గాజులా తేటపడుతుంది. గ్లాస్ (gloss, మెరిసే రకం) వార్నిష్ చేసేదీ అదే, ఆ గరుకుని శాశ్వతంగా నింపుతుంది. నీళ్ళు వేసినా తేటపడకపోతే మాత్రం మసక లోపలే ఉంది, ఎక్కువసేపు ఆల్కహాల్‌లో ఉండటం వల్ల వచ్చింది, అది పోదు. అలాంటి గొడుగుని వెంటనే వెనక్కిచ్చి మార్చుకోండి.

గొడుగు లోపలికి సాండ్‌పేపర్ వెళ్ళదు. అక్కడ పల్చటి యూవీ రెసిన్ (యూవీ దీపం కింద గట్టిపడే ద్రవం) నాలుగైదు చుక్కలు వేసి, గిన్నెలో నూనె తిప్పినట్టు తిప్పి, మిగిలింది పూర్తిగా వంచేసి దీపం కింద పెట్టాలి. పొర పల్చగా ఉంటే గీతలు మాయమవుతాయి. మందంగా ఉంటే గట్టిపడేటప్పుడు వేడెక్కి ముడత పడుతుంది. గాలి తగిలే పైపొర కాస్త జిగటగా మిగిలిపోవడం యూవీ రెసిన్ స్వభావం. ఆక్సిజన్ దాని గట్టిపడటాన్ని ఆపుతుంది. గొడుగులో నీళ్ళు నింపి ఇంకో రెండు నిమిషాలు దీపం పెడితే ఆ జిగట పోతుంది.

ఇప్పుడు అసలు ప్రమాదం. ఈ కిట్‌లో క్లియర్ ముక్క దేనికీ ఫెవిక్విక్ గానీ, మరే సూపర్ గ్లూ గానీ వాడకండి. సైనోయాక్రిలేట్ ఆరేటప్పుడు ఆవిరి వదులుతుంది, ఆ ఆవిరి గాలిలోని తేమతో కలిసి చుట్టుపక్కల తెల్లటి బూడిదలా పేరుకుంటుంది. ఎండు గాలి ఉన్న ఊళ్ళో ఏదో కొంచెం కనిపిస్తుందేమో. చెన్నైలో, ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో, గంటలో గొడుగు లోపలంతా విబూది పూసినట్టవుతుంది. పైగా గొడుగు ఆవిరిని బయటికి పోనివ్వదు. లోపలి ముద్ద మీద, హెల్మెట్ మీద కూడా పడుతుంది. అతికించడానికి ఆ యూవీ రెసిన్‌నే వాడండి. టూత్‌పిక్‌తో నాలుగు చోట్ల చుక్క పెట్టి, బయటి నుంచి దీపం వేస్తే క్లియర్ గోడ గుండా వెలుతురు వెళ్ళి పదిహేను సెకన్లలో పట్టేస్తుంది. గ్రే ముక్కలు రెండింటిని ఒకదానికొకటి అతికించేటప్పుడు సూపర్ గ్లూ నిక్షేపంగా వాడుకోవచ్చు, అదీ గొడుగు పక్క గదిలో ఉన్నప్పుడు.

ప్రైమర్ గ్రే ముక్కలకు మాత్రమే. స్ప్రే డబ్బా వాడాలనుకుంటే రోజూ సరైన వేళ దొరకదు. తేమ ఎక్కువ ఉంటే పొర పాలిపోయి తెల్లబడుతుంది. మే నెల మధ్యాహ్నం వేడికి చుక్కలు గాలిలోనే సగం ఆరి, బొమ్మ మీద ఇసుకలా పడతాయి. తేమ మీటరు చూసి, 60 శాతం కంటే తక్కువ ఉన్నప్పుడు, సముద్రపు గాలి తిరగకముందు కొట్టాలి. తిరువాన్మియూరు, బెసంట్ నగర్ వైపు ఉండేవాళ్ళకి అలాంటి గంట వారంలో ఒకసారి వస్తే గొప్పే. బ్రష్‌తో వేసుకునే వాయెహో (Vallejo) కంపెనీ సర్ఫేస్ ప్రైమర్ మేలు. రెండు పల్చటి కోట్లు వేసి ఏసీ గదిలో ఒక రాత్రంతా వదిలేయాలి. అది పాలీయురెథేన్ పొర. పూర్తిగా గట్టిపడకముందు సాండ్‌పేపర్ తగిలితే రబ్బరు తొక్కలా ఊడివస్తుంది. అందుకే రుద్దాల్సిందంతా ప్రైమర్‌కు ముందే రుద్దేయాలి.

అవయవాల ముద్దకి సిటడెల్ కాంట్రాస్ట్ రంగుల్ని (గాడుల్లో చిక్కగా, ఎత్తుల మీద పల్చగా ఆరేవి) మించినవి లేవు. 2019లో ఇవి వచ్చాక ఇలాంటి ముడతల పని చాలా తేలికైంది. గ్రే ప్రైమర్ మీద ముందు తెల్లతో డ్రైబ్రష్ చేసి (దాదాపు పొడి బ్రష్‌తో పైపైన రుద్ది), ఎత్తైన చోట్లన్నీ తేలాక, వోలుపస్ పింక్ ఒక వంతుకి కాంట్రాస్ట్ మీడియం (ఆ రంగుని పల్చన చేసే ద్రవం) రెండు వంతులు కలిపి ఒక్క కోటు. నాలుగు నాడాల మీద మాత్రం మేగోస్ పర్పుల్ ఏమీ కలపకుండా వేయాలి. పింక్ పూర్తిగా ఆరకముందు రెండోసారి బ్రష్ తాకితే సగం ఆరిన పొర చిరిగి మచ్చ పడుతుంది. చెన్నైలో ఆరడానికి సీసా మీద రాసినదానికంటే ఎక్కువ సమయం పడుతుంది. నీటి రంగు ఆరడం అంటే నీళ్ళు గాలిలోకి పోవడమే, గాలిలో అప్పటికే నీళ్ళు నిండుగా ఉంటే అవి ఎక్కడికి పోతాయి? హెయిర్ డ్రయ్యర్‌ని చల్లగాలి మీద పెట్టి అడుగు దూరం నుంచి వాడండి.

కాంట్రాస్ట్‌నే గొడుగుకి కూడా వాడదాం అనిపిస్తుంది. మొదటి కాపీలో ఎథర్‌మాటిక్ బ్లూ పల్చగా చేసి వేశాం. ఫలితం బాగాలేదు. ఈ రంగు గాడుల్లోకి పారేలా తయారైంది, నున్నటి చోట దానికి వెళ్ళే దారి లేదు. మధ్యలో చెరువు కట్టి, అంచుల్లో వాన వెలిసిన గోడ మీది చారల్లా మరకలు మిగిల్చింది. ఆరాక మెరుపు తక్కువ, దాంతో పారదర్శకత కూడా కొంత పోయింది. తప్పు రంగుది కాదు, అది చేయాల్సిన పని ఇది కాదు.

రెండో కాపీకి తమియా క్లియర్ రంగులు. ఎక్స్-23 క్లియర్ బ్లూలో ఎక్స్-27 క్లియర్ రెడ్ కొద్దిగా కలిపితే ఊదా వస్తుంది, ఆ శ్రేణిలో విడిగా క్లియర్ ఊదా లేదు. ఎక్స్-20ఏ థిన్నర్‌తో సగానికి సగం పల్చన చేసి గొడుగు లోపల పోశాం. లోతు చూస్తే కళ్ళు తిప్పుకోలేం, రంగు గాజులోనే పుట్టినట్టు ఉంటుంది. కానీ ఒక్కటే అవకాశం. ఆరిన పొర మీద మళ్ళీ బ్రష్ పెడితే కింది పొర కరిగి లేచి వస్తుంది. ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) ఉన్నవాళ్ళకి ఇదే సరైన దారి. బ్రష్‌తోనే చేసేవాళ్ళు ఒక విరిగిన ముక్క మీద సాధన చేశాకే అసలు గొడుగు పట్టుకోండి. వాసన కూడా ఘాటు.

మూడో కాపీకి ఆక్రిలిక్ ఇంకు ఒక చుక్క, గ్లాస్ వార్నిష్ ఎనిమిది చుక్కలు, ఫ్లో ఇంప్రూవర్ (రంగు సాఫీగా పారేలా చేసే ద్రవం) ఒక చుక్క కలిపాం. ఎయిర్‌బ్రష్ లేనివాళ్ళకి చెన్నైలో మా ఓటు దీనికే. తడిగా ఉన్నంతసేపూ నీళ్ళ బ్రష్‌తో తుడిచి మళ్ళీ మొదలుపెట్టవచ్చు, మెరుస్తూనే ఆరుతుంది, పొర మీద పొర వేసినా కిందిది లేవదు. మూడు పల్చటి కోట్లు, ఒక్కోదానికి మధ్య కనీసం నాలుగు గంటలు. తొందరపడితే పాల రంగు మసక పొరల మధ్య చిక్కుకుంటుంది. వార్నిష్ తడిగా ఉన్నప్పుడు పాలలాగే ఉంటుంది, నీళ్ళన్నీ పోయాకే తేటపడుతుంది. మొదటి కోటు ఇంకా పాలలా ఉండగా రెండోది వేస్తే ఆ నీళ్ళు బయటికి రాలేవు.

ఆరబెట్టే భంగిమ కూడా ముఖ్యం. గొడుగు నెత్తి పైకి, అంచు కిందికి ఉండేలా ఒక పెన్సిలు మీద బ్లూ టాక్ (అంటుకుని ఊడే మెత్తటి జిగురు మట్టి) ముద్ద పెట్టి నిలబెట్టండి. రంగు నెమ్మదిగా అంచు వైపు జారి అక్కడ చిక్కబడుతుంది, నెత్తి తేటగా మిగులుతుంది. మనకి కావలసిందీ అదే, పైనుంచి చూస్తే వ్యోమగామి కనిపించాలి. అంచున చుక్క వేలాడుతుంటే పొడి బ్రష్ మొన తగిలించండి, పీల్చేస్తుంది. గిన్నెలా తిరగేసి పెడితే రంగంతా నడినెత్తిన చేరి ముద్ద బొట్టులా ఆరిపోతుంది, దాన్ని తీయడం కష్టం.

ఇక వ్యోమగామి. ఈ మనిషి మొత్తం 20 మి.మీ., హెల్మెట్ 4 మి.మీ. ఇతన్ని రంగు గాజు వెనక చూస్తారు కాబట్టి, విడిగా బాగున్న రంగు లోపల బాగుంటుందని నమ్మకం లేదు. నీలి గొడుగు ఎరుపుని మింగేస్తుంది. ఎర్రటి సూటు వేస్తే నల్లగా కనిపిస్తుంది, తెల్ల సూటు నీలంలో కలిసిపోతుంది. నాసా షటిల్ సిబ్బంది 1994 నుంచి 2011 దాకా వేసుకున్న ఏసీఈఎస్ సూటు నారింజ రంగుది, సముద్రంలో పడితే దూరం నుంచి కనిపించాలని. ఇక్కడా అదే పని చేస్తుంది. నీలానికి ఎదురు రంగు నారింజే. కాకపోతే మామూలు నారింజ నీలి గాజు వెనక ఇటుక రంగుకి దిగిపోతుంది. అందుకే తెల్లటి పునాది మీద ఫ్లోరసెంట్ ఆరెంజ్ రెండు కోట్లు, మడతల్లో మాత్రం పల్చటి గోధుమ రంగు. విడిగా చూస్తే కళ్ళు జిగేలుమనేంత ఘాటుగా ఉండాలి, గొడుగు వేశాక సరిగ్గా కుదురుతుంది. రంగు ఖాయం చేసేముందు ఐస్‌క్రీం పుల్ల మీద నాలుగైదు నమూనాలు వేసి, రంగు వేసిన గొడుగు వెనక పెట్టి చూసుకోండి. ఐదు నిమిషాల పని, మొత్తం సూటు మళ్ళీ వేసే బాధ తప్పుతుంది.

హెల్మెట్ అద్దం దగ్గర కాస్త ఆగాలి. ముదురు నీలం, కింది వైపు సగానికి ఆకాశ నీలం, పై మూల ఒక తెల్ల చుక్క. పగులు గాడిలోకి నల్లటి వాష్ సూదిమొనంత. తర్వాత ఆ పగులుకి కిందివైపు అంచున మాత్రమే తెల్లటి సన్న గీత. గీత గాడిలో పడకూడదు, అంచున పడాలి. అప్పుడే అద్దం పగిలినట్టు ఉంటుంది, లేకపోతే దాని మీద దారం అంటుకున్నట్టు ఉంటుంది. 0 నంబరు బ్రష్ మొన బాగుంటే చాలు, 000 వద్దు, దాని పొట్టలో రంగు నిలవక మొనకి వచ్చేలోపే ఆరిపోతుంది. భుజం మీద మిల్లీమీటరున్నర జాగా ఖాళీగా ఉంది, మువ్వన్నెల పట్టీకి సరిపోతుంది. శ్రీహరికోట నుంచి రాకెట్టు లేస్తే మేడ మీద నిలబడి చూసే ఊరిది, ఆ పట్టీ పెట్టకుండా వదిలేయడానికి మనసొప్పదు. తెల్ల మొత్తం వేసి పైన కాషాయం, కింద ఆకుపచ్చ గీసేయండి. ఈ సైజులో చక్రం గీయబోతే మచ్చ అవుతుంది.

వెలుగు ఎక్కడ పెట్టాలన్నది ఇంకో ప్రశ్న. చాలామంది గొడుగంతా మెరిసేలా వేస్తారు. నిజం జెల్లీఫిష్‌లలో ఈక్వోరియా విక్టోరియా అనే రకం గొడుగు అంచున మాత్రమే, వరసగా చుక్కల్లా వెలుగుతుంది. దాన్నుంచి వేరుచేసిన ఆకుపచ్చ ప్రొటీన్ మీద పనికే 2008లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఈ బొమ్మ అంచున కూడా చిన్న బొడిపెలు చెక్కి ఉన్నాయి. ప్రతి బొడిపె మీద తెల్ల చుక్క, దాని మీద ఫ్లోరసెంట్ ఆకుపచ్చ. కింద రాయి మీద, లావు చేతుల పై భాగం మీద అదే ఆకుపచ్చని నీళ్ళతో మజ్జిగ తేటంత పల్చగా చేసి, వెలుగు పడే వైపు మాత్రమే రెండు మూడు గ్లేజులు (కింది రంగు కనిపించే పల్చటి పొరలు). తెల్ల చుక్క మానేస్తే ఫ్లోరసెంట్ రంగు మొద్దుగా ఉంటుంది, దానికి సొంతంగా కప్పే శక్తి లేదు. ఎండ తగిలే అద్దాల బీరువాలో పెడితే ఈ రంగులే అన్నిటికంటే ముందు వెలిసిపోతాయి. అక్కడే క్లియర్ రెసిన్ కూడా పసుపుబారుతుంది.

సన్న టెంటకిల్సే ఈ కిట్‌లో బలహీనమైన చోటు. మందం మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ, అంతే. మూడు కాపీల్లో కలిపి 24 రావాలి, నాలుగు విరిగి వచ్చాయి. షాపువాళ్ళు మారు ముక్కలు ఇచ్చారు గానీ అవీ అదే రెసిన్. వంకర పోయినవాటిని 60 డిగ్రీల వేడినీళ్ళలో ముంచి, మెత్తబడ్డాక వేళ్ళతో సరిచేసి చన్నీళ్ళలో పెడితే నిలుస్తాయి. బల్ల మీద ఆడే బొమ్మ అయితే వీటిని అసలు నమ్ముకోకండి. రిచీ స్ట్రీట్‌లోనే 0.5 మి.మీ. స్టీలు తీగ దొరుకుతుంది. దాన్ని వంచి, యూవీ రెసిన్‌లో మూడుసార్లు ముంచి, ప్రతిసారీ దీపం వేస్తే టెంటకిల్ తయారు. రెసిన్‌లో అదే ఇంకు పావు చుక్క కలిపితే గొడుగు రంగుకి కలుస్తుంది. అంతకు మించి కలిపితే వెలుతురు లోపలికి వెళ్ళక గట్టిపడదు.

రాయి, బేస్ సంగతి చెప్పడానికి పెద్దగా లేదు. క్యామెల్ ఆక్రిలిక్ ట్యూబులు ఇక్కడ హాయిగా సరిపోతాయి, ఆ గరుకుదనం రాయికి మంచిదే. వ్యోమగామి దగ్గరికి మాత్రం వాటిని రానివ్వకండి, ఆ సైజులో రేణువులు కనిపిస్తాయి.

బిగించే వరస ఇలా ఉంటే ఇబ్బంది లేదు. ముందు వ్యోమగామిని ముద్దకి, ముద్దని చేతుల గుత్తికి అతికించాలి. తర్వాత వెలుతురుకి పెట్టి గొడుగు లోపల చూడాలి. ఒక్క దుమ్ము నలుసు, ఒక్క వేలిముద్ర ఉన్నా ఇప్పుడే తీయాలి, మూశాక చెయ్యి వెళ్ళదు. అప్పుడు గొడుగు బిగించాలి, అంచున రెండు చోట్ల సందు వదిలి. టెంటకిల్స్ అన్నిటికంటే చివర. కడ్డీని రాయికి అతికించే బదులు 3 మి.మీ. అయస్కాంతాలు రెండు పెట్టుకోండి, బొమ్మ కింద పడితే విరగకుండా ఊడుతుంది. ధ్రువాలు చూసుకుని పెట్టండి, అతికించాక ఒకదాన్నొకటి తోసుకుంటే రాయి తొలవాల్సి వస్తుంది.

వార్నిష్ దగ్గర చాలామంది బొమ్మని పాడుచేసుకుంటారు. బిగించాక మొత్తం మీద మ్యాట్ స్ప్రే కొట్టారంటే గొడుగు మళ్ళీ తాటిముంజె అవుతుంది, తేమ ఉన్న రోజైతే తెల్లగా మంచు కూడా పడుతుంది. మ్యాట్‌ని బ్రష్‌తో రాయికి, సూటుకి మాత్రమే, బిగించకముందే వేసేయాలి. సీసాని ఒక నిమిషం గట్టిగా ఊపాకే తీయండి, మ్యాట్ చేసే పొడి అడుగున పేరుకుంటుంది. గొడుగుకి, ముద్దకి, చేతులకి గ్లాస్. పొరపాటున మ్యాట్ పడి తెల్లబడితే దాని మీద బ్రష్‌తో గ్లాస్ ఒక కోటు వేయండి, చాలాసార్లు తేరుకుంటుంది.

ఎవరు కొనాలి? రెండు మూడు పదుల మినీలు (ఇలాంటి చిన్న బొమ్మలు) వేసి, బ్రష్ అదుపులోకి వచ్చినవాళ్ళు. మొదటి బొమ్మగా వద్దు. ఏ కంపెనీ బొమ్మనైనా ఆడనిచ్చే స్కర్మిష్ (కొద్ది బొమ్మలతో ఆడే) గేముల్లో దీనికి ఎదురులేదు. ఓఎంఆర్ వైపు అపార్టుమెంట్లలో శనివారాలు మనవాళ్ళు కూర్చునే బల్లల మీద నిరభ్యంతరంగా నడుస్తుంది. సిటడెల్ రంగులు, వార్‌హామర్ బొమ్మలు చేసే గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ సొంత ఈవెంట్లకి మాత్రం తీసుకెళ్ళలేరు, అక్కడ వాళ్ళ బొమ్మలే ఉండాలి.

ఆర్డరు పెట్టేటప్పుడు షాపువాళ్ళకి నాలుగు మాటలు రాసి పంపండి, మూడో కాపీకి మేం అలాగే చేశాం, తేడా స్పష్టంగా కనిపించింది. గొడుగు ఒక్కటీ 0.03 మి.మీ. పొరలతో వేయమనండి. సపోర్టులు అంచుకే పెట్టి, గొడుగు లోపలి గోడకి ఒక్కటి కూడా తగలనివ్వద్దనండి. టెంటకిల్స్ రెసిన్‌లో పదో వంతు ఫ్లెక్సిబుల్ రెసిన్ కలపమనండి. క్లియర్ ముక్కలకి దీపం తక్కువసేపు పెట్టమనండి, కావలసిన మిగతాది ఇంట్లో మనం పెట్టుకోవచ్చు. పొరలు సన్నబడితే ప్రింటుకి సమయం ఎక్కువ పడుతుంది కాబట్టి దానికి 200 రూపాయలు అదనంగా అడిగారు. నెత్తి మీది మెట్లు దాదాపు మాయమై, ముప్పావు గంట రుద్దుడు పావుగంటకి దిగింది. ఆ 200 పెట్టండి.